ఆరంబాక్కం దాటాక

సూళ్లూరుపేటలో ఆరూ ఇరవైకి బండి.
తడ దాటాక ఎక్కడో ఒకచోట రాష్ట్రం మారుతుంది.
ఎక్కడో మూడేళ్లుగా పట్టుకోలేకపోయాను,
చూద్దామని కిటికీ పక్కన కూర్చున్న రోజే
నిద్ర ముంచుకొస్తుంది.
పూలబుట్ట చెంగమ్మకి మాత్రం తెలుసు.
"మూర ఇరవై, మూర ఇరవై" అంటూ వచ్చిన మనిషి
ఊపిరి మార్చకుండా
"ముళం ఇరువదు" అంటుంది.
నా పాఠ్యపుస్తకంలో సరిహద్దుకి పదకొండు నిర్వచనాలు.
చెంగమ్మది లేదు.

మామ అడిగాడు మొదట్లో,
"అంతర్జాతీయ అధ్యయనాలంటే ఏందిమే,
ఏర్‌పోర్టులో ఉద్యోగమా?"
కాదు మామా, దేశాలు ఎందుకు కొట్లాడుకుంటాయో చదవడం.
"దానికి ఫీజు కట్టాల్నా?
మీ పెదనాయన గెనెం మీద నిలబడితే చాలదా?"
అందరూ నవ్వారు.
శ్రీసిటీలో కొరియా కంపెనీ నైట్‌షిఫ్టు దిగి
అప్పుడే చెప్పులు విడుస్తున్న అమ్మ
వేళ్లు ముడుస్తూ తెరుస్తూ
"చదవనీ" అంది.

గుమ్మిడిపూండిలో నిరోషిని ఎక్కుతుంది.
సంచీ పెట్టి ఆమె సీటు నేను కాస్తా.
ఆమె తమిళం మా క్లాసు తమిళం కాదు,
పడవ దిగిన అమ్మమ్మ తమిళం.
ఆమె పుట్టింది మాత్రం ఇక్కడే,
క్యాంపులో, రేకుల వరసలో.
ప్రొఫెసరు బోర్డు మీద 'రాజ్యరహితులు' అని రాసిన రోజు
అందరితోపాటు ఆమె కూడా రాసుకుంది.
కింద రెండు గీతలు గీసింది,
పరీక్షకొస్తుందని.

శుక్రవారం క్లాసులో ఉత్తుత్తి ఐక్యరాజ్యసమితి.
టిఫిన్ డబ్బాలోంచి చీటీలు తీశాం.
మే నెల మద్రాసు చెమటలో నాకు ఐస్‌లాండ్.
ఆమెకి స్విట్జర్లాండ్. క్లాసంతా ఈలలు.
చర్చ సముద్రంలో చేపల గురించి.
సముద్రమే లేని దేశం లేచి నిలబడి
"గౌరవ అధ్యక్షా" అని మొదలుపెట్టి
చేపల మీదే బతికే నా దేశం నోరు మూయించింది.

నాలుగున్నరకి ఓటింగు.
నాలుగుకే ఆమె సంచీ తగిలించుకుంది.
ఆ సాయంత్రం క్యాంపులో హాజరు,
పేరు పిలిస్తే మనిషి పలకాలి.
ఇక్కడ అధ్యక్షుడి కుర్చీలోంచి ఎడ్విన్
"స్విట్జర్లాండ్? స్విట్జర్లాండ్?"
రెండుసార్లు పిలిచి, గైర్హాజరు వేశాడు.

సోమవారం బండెక్కుతూనే అడిగింది,
"ఎవరు గెలిచారు?"
చేపలు ఓడిపోయాయి, ఒక్క ఓటు తేడాతో.
అయ్యో అని నాలుక కరుచుకుని
సంచీలోంచి దేశం పేరు రాసిన అట్ట తీసింది.
తొందరలో పట్టుకుపోయిందట, అంచు వంగిపోయింది.
"రెండు రాత్రులు కరెంటు లేదు.
అమ్మమ్మకి స్విట్జర్లాండ్‌తోనే విసిరాను."

మీంజూరు దగ్గర బండి ఆగిపోయింది.
గాలి లేదు. బొగ్గు వాసన, మల్లెల వాసన,
ఎవరిదో పులిహోర.
కాసేపు తనకీ, కాసేపు నాకూ విసిరి
చెయ్యి నొప్పెట్టి
అట్ట నా ఒళ్లో పడేసింది.
"ఇందా ఐస్‌లాండ్,
ఇక నువ్వు విసురు."