మూడో పూట

మా కొండవాలు బడికి మూడు పూటలు.
ఎనిమిదింటికి ఒక పిల్ల కూర్చున్న బెంచీ మీద
పన్నెండున్నరకి ఇంకో పిల్ల,
నాలుగున్నరకి మరో పిల్లాడు.
ఒకరి మొహం ఒకరికి తెలీదు.
బెంచీ మాత్రం చల్లారదు.
మైనస్ ముప్పై చలిలో
ఆ కాస్త వెచ్చదనమే
ఒకరికొకరు వదిలివెళ్ళే కబురు.

ఉలాన్‌బాతర్ విద్యాశాఖలో
కిటికీ సరిగ్గా మూతపడని గదిలో కూర్చుని
ఇంకా బడికి రాని పిల్లల్ని లెక్కగట్టడం నా ఉద్యోగం.
పుట్టినవాళ్ళింత, వచ్చేవాళ్ళింత, పోయేవాళ్ళింత,
వెరసి బెంచీలింత.
పోయినేడు ఐదొందల నలభై అన్నాను.
తొమ్మిదొందల పన్నెండు మంది వచ్చి గుమ్మంలో నిలబడ్డారు.

హెడ్మిస్ట్రెస్ పురెవ్‌జర్గల్ ఫోన్ చేసింది.
గొంతులో కోపం లేదు. అందుకే భయమేసింది.
"నీ లెక్కలో గొర్రెలున్నాయా అమ్మాయీ?"
గొర్రెలా?
"గడ్డి మీద మంచు గాజులా బిగిసిన చలికాలం
మందలు నిలబడ్డచోటే చచ్చిపోతాయి.
వసంతానికి వాటి కాపరులు
గుడారం లారీకెత్తుకుని ఈ కొండెక్కుతారు.
సెప్టెంబరుకి వాళ్ళ పిల్లలు నా దగ్గరికొస్తారు.
గొర్రెల్ని లెక్కపెట్టు. పిల్లలు వాటి వెనకే ఉంటారు."

ఆ సాయంత్రం పట్టికలో కొత్త గడి గీశాను:
చచ్చిన పశువులు.
మా పైఅధికారి దెల్గెర్‌బాయర్ కళ్ళజోడు పైకెత్తి
బడి ప్లానులో కళేబరాలేమిటన్నాడు.
కొట్టేశాడు.
పెన్సిలుతో మళ్ళీ రాశాను.

ఇరవైనాలుగు గదులడిగాం. పదహారుకి డబ్బిచ్చారు.
ఏది కోయాలి?
జిమ్ పోయింది. లైబ్రరీ మెట్లకింద దూరింది.
మరుగుదొడ్లు పెరట్లో కట్టుకోమన్నారు, సగం ఖర్చట.
పురెవ్‌జర్గల్ ఒక్కటే మాట చెప్పింది:
"నా బడిలో ఆడపిల్లలు పొద్దున్నించీ నీళ్ళు తాగరు,
బయటికెళ్ళాల్సొస్తుందని."
ఆ గీత మీద ఆ తర్వాత ఎవరూ చెయ్యి వెయ్యలేదు.

స్థలంలో లువ్సన్‌దగ్వా తాత గుడారం ఉంది.
నోటీసు చేత్తో పట్టుకుని నేను నీళ్ళు నములుతుంటే
ఉప్పేసిన టీ పోసిచ్చాడు.
గంటన్నరలో ఇల్లు విప్పి మడిచేశాడు:
కర్రలు, ఉన్ని, తలుపు, పొయ్యి.
"నా ఇల్లంటే మడత పడుతుంది.
మీది పడదుగా. చూసి నిలబెట్టండి.
గుమ్మం ఏ దిక్కుకి?"
ఉత్తరానికి తాతా, రోడ్డు అటే ఉంది.
"గాలీ అటే ఉంది."
ఆ రాత్రి నక్షాని బల్లమీద సగం చుట్టు తిప్పాను.

మూడో పూట పిల్లల బొమ్మలు కొన్ని నా దగ్గరున్నాయి.
'మా బడి' గీయమంటే అందరూ
ఆకాశానికి నల్లరంగే వేశారు.
కిటికీలు పసుపు.
ఎర్ఖెంబాయర్ అనే ఏడేళ్ళవాడు
గేటు దగ్గర కుక్కని గీశాడు, బడికంటే పెద్దది.
చీకట్లో ఇంటికెళ్ళే దారిలో
అది నిజంగా అంతే ఉంటుంది కాబోలు.

పదహారు గదుల తూర్పుకొసన,
నడవా ఆగిపోయేచోట, గోడలో ఒక గుమ్మం గీశాను.
అవతల ఏమీ లేదు. కొండ.
దెల్గెర్‌బాయర్ వేలుపెట్టి అడిగాడు: తప్పు గీశావా?
కాదండీ. ప్రస్తుతానికి ఇటుకలతో మూసేయండి.
పైన దూలం మాత్రం పెట్టించండి.
చాలాసేపు చూశాడు.
"మావి మూడొందల మేకలు," అన్నాడు, ఎటో చూస్తూ.
"నేను నాలుగో తరగతిలో ఉండగా."
సంతకం పెట్టి,
నా పట్టికలో పెన్సిలు గడిని సిరాతో దిద్దాడు.

మేకులు పాతారు.
నేల గడ్డకట్టింది, పునాది ఇక మే నెలకే.
రేడియోలో పడమట మంచంటున్నారు,
ముందు వాన పడి, ఆపైన మంచట.
అలా పడితే గాజే.
నాలుగున్నరైంది.
కొండమీద మూడో పూట గంట కొట్టుంటారు.
పెన్సిలు చెక్కుకుంటున్నాను.