పోయొస్తా

ఒకరోజు తప్పించి ఒకరోజు కావేరి నీళ్లు.
తెల్లారగట్ల నాలుగున్నరకు పైపు దగ్గుతుంది.
అలారం కన్నా ముందు ఆ దగ్గుకే లేస్తాం ఇద్దరం.
ఫిఫిటా రెండు చేతులా రెండు బిందెలు ఎత్తుతుంది,
టోంగాలో నాన్న పడవను ఒడ్డుకు లాగిన చేతులు.
నాది సామర్లకోట. ఒక్క బిందె, అదీ చంకన.

ప్రార్థన, చదువు, చద్దిడ్లీ.
తొమ్మిదిన్నరకు గుండెమీద నల్ల పేరుపలక.
ఇంట్లో కెజియాని, ఇక్కడ సిస్టర్ పులిదిండిని.
లింగరాజపురంలో కూరగాయలబండి ఆయన
పలక వైపు కళ్లు చికిలించి
"ఇన్సూరెన్సా?" అన్నాడు.
ఒక రకంగా, అనబోయి
అరకిలో బీన్సు అడిగాను.

ఇక్కడ మొదటి పాఠం మేం చెప్పలేదు, గడప చెప్పింది.
ఫిఫిటావి లేసుల బూట్లు.
ఇంటింటి ముందూ వంగి విప్పడం, కట్టడం,
మళ్లీ విప్పడం.
మూడో వారం ఎడమ బూటును కుక్క ఎత్తుకుపోయింది.
వీధంతా వెతికింది, పిల్లలు, ఇస్త్రీ బండి మునిరత్నం,
టైలరు తన స్కేలుతో సహా.
ఆ రోజు ఒక్క వాక్యం చెప్పలేదు ఎవరికీ.
మా పేర్లు మాత్రం వీధికి వచ్చేశాయి.

తలుపు తీసి ఎవరని అడగరు.
"ఊట ఆయ్తా?" అంటారు.
ఫిఫిటా నిజం చెప్పేది, ఇంకా కాలేదని.
నాలుగిళ్లలో నాలుగు భోజనాలయ్యాక చెప్పాను,
అది ప్రశ్న కాదే, పలకరింపు, అయిందను చాలు.
"కాకపోయినా?"
నాకు జవాబు దొరకలేదు.

మునివెంకటమ్మది రెండో అంతస్తు.
డికాక్షన్ వాసన మెట్లమీదే చెయ్యి పట్టుకుంటుంది.
మాకు కాఫీ వద్దు, నియమం, అన్నాం.
లోటా చేతిలో అట్లాగే ఉండిపోయింది ఆమెకు.
"కాపీ వద్దనే దేవుడా?
పాపం, ఆయప్పకు ఎవురూ కలిపియ్యలేదేమో!"
మరుసటి మంగళవారం నుంచి జీలకర్ర కషాయం,
బెల్లం వేసి, పాలు పోసి.
ఎంగిలి చెయ్యకుండా ఎత్తి పోసుకోవడం ఫిఫిటాకు నేర్పింది.
సగం గొంతులోకి, సగం పేరుపలక మీదికి.

మేమిచ్చిన పుస్తకం తీసుకుంది. చదువు రాదు.
దేవుడి గూట్లో మునేశ్వరుడి పటం పక్కన నిలబెట్టి
అట్టమీద కుంకుమ పెట్టింది.
నేను నోరు తెరిచాను. ఫిఫిటా నా మోచెయ్యి నొక్కింది.
మెట్లు దిగేటప్పుడు అంది,
"ఆ ఇంట్లో అంతకన్నా మంచి చోటు ఎక్కడుంది?"

శనివారం రాత్రి ఫోను. బదిలీ. ఫిఫిటాకు కోయంబత్తూరు,
అక్కణ్ణించి జూన్‌లో ఇంటికి.
చెప్పడానికి వెళితే మునివెంకటమ్మ మాట్లాడలేదు.
లోపలికెళ్లి పళ్లెంతో వచ్చింది,
రవికె గుడ్డ, రెండు చక్కెరకేళీలు, తమలపాకులు.
ఆ రవికె గుడ్డ ఫిఫిటాకు ఒక చెయ్యికి సరిపోతుందేమో.
కళ్లకద్దుకుంది.

గడప బయట వంగి లేసులు కట్టుకుంటూ
నా దగ్గర నేర్చిన తెలుగులో అంది: "పోతాను అవ్వా."
ముసలి అరచెయ్యి వచ్చి నోరు మూసింది.
"పోతా అనగూడదు. పోయొస్తా అనల్ల."

ఫిఫిటా నా వైపు చూసింది.
ఊట ఆయ్తా అంటే లేదని చెప్పిన మనిషి.
ఒక లేసు కట్టింది. రెండోది వేళ్లలోనే ఉంది.
కింద ఎవరిదో కుక్కరు మూడుసార్లు కూసింది.
"పోయొస్తా," అంది,
లేసు కట్టకుండానే మెట్లు దిగిపోయింది.

మంగళవారం మిజోరం నుంచి వచ్చిన కొత్తమ్మాయితో ఎక్కాను.
మునివెంకటమ్మ మూడు గ్లాసులు పెట్టింది.
మెట్లవైపు చూసి, "ఆ యమ్మ ఇంగా రాలేదే?"
వస్తుందవ్వా, అన్నాను.
నా నోరు ఎవరూ ముయ్యలేదు.

మూడో గ్లాసు మీద మీగడ కడుతోంది.
"ఊట ఆయ్తా?" అని కొత్తమ్మాయిని అడిగింది.
ఇంకా లేదు, అంది ఆ పిల్ల.