చప్పుడుకి పంచనామా

దొంగతనమైతే రాయగలను.
పోయిన గొలుసుకి తూకం ఉంటుంది,
తెగ్గొట్టిన గట్టుకి గజాలుంటాయి,
కొట్లాటకి కనీసం చిరిగిన చొక్కా.
చప్పుడుకి పంచనామా ఎలా రాయాలో
ఇరవయ్యారేళ్ళ స్టేషను రైటరు ఉద్యోగంలో
నాకెవరూ నేర్పలేదు.

గెడ్డం సలోమి వచ్చింది,
ఆకివీడు దిగువన చెరువుల మధ్య ఇరుక్కున్న కాలనీ నుంచి,
చంకలో పిల్లల పాత లెక్కల పుస్తకంతో.
"తుపాకీ పేలుతుందండీ తెల్లారగట్ల.
మా చంటిది నిద్దట్లోనే గుప్పిళ్ళు బిగించేస్తందండి.
పక్కింటి మాణిక్యాలరావుగారికి గుండెలో స్టెంటు వేశారండి,
పేలినప్పుడల్లా ఆయన మంచం కిర్రుమనడం
మా గోడకి వినపడతదండి."
పుస్తకం తెరిచింది.
నాలుగూ పది. నాలుగూ ఇరవై రెండు. నాలుగూ నలభై.
తేదీల వారీగా, పాల ఖాతాలా.

నేను నవ్వాను. అది కూడా ఇక్కడ రాయాలి.
"తుపాకీ కాదమ్మా, పైపు.
చేపల చెరువు మీద నీటికాకుల్ని తోలుకోడానికి."
"పైపైతే చట్టం లేదాండీ?"

ఉంది.
రాత్రి పది నుంచి పొద్దున్న ఆరు దాకా
ఊరి చెవులు ఊరివే.
ఇళ్ళ మధ్య జనాన్ని బెదరగొట్టే మోత నేరమే.
అన్నీ నాకు తెలుసు.
తెలిసే, రసీదు చింపిచ్చి
కాయితం ఫైల్లో పెట్టాను.
తుపాకీకైతే లైసెన్సు అడుగుతాం.
పైపునెవరడుగుతారు?
మోటార్ల కొట్లో అడుగుల లెక్కన కోసిస్తారు.

చెరువు కాపలా మోరు దాలయ్య. కొల్లేటి మనిషి.
వాళ్ళ తాత దోనె మీద కూచుని
పేరుపేరునా పిలిచిన పిట్టల్ని
నెలకి తొమ్మిదివేలకి తోలుతున్నాడు.
మందు రావులపాలెం నుంచి,
అరటిగెలలు మగ్గేసే గోడౌను నుంచి
పొట్లాల్లో వస్తుంది.
పచ్చికాయని పండు చేసేదే
తడి తగిలితే ఉరుమవుతుంది.

కార్తీకం వెళ్ళిన మూడోనాడు
నాలుగూ పదికి పేలింది.
కాలనీ అటు తిరిగి పడుకుంది.
ఎవరూ లేవలేదు. ఎందుకు లేస్తారు?
ఆ చప్పుడుకి లేవకుండా ఉండటం
ఏడాదిపాటు కష్టపడి నేర్చుకున్నారు.

సలోమి పెన్సిలు పట్టుకుని కూచుంది,
రెండో దాని కోసం.
నాలుగూ ఇరవై రెండు. రాలేదు.
చంటిది గుప్పిళ్ళు విప్పి నిద్దరోతోంది.
నాలుగూ నలభై.
చీకట్లో నీళ్ళ మీద రెక్కలు వాలుతున్న సవ్వడి.
కాకులు దిగుతున్నాయి, ఎవరూ తోలడం లేదు.
సెల్లు లైటేసుకుని గట్టెక్కింది.

ఏరేటరు పక్కన దాలయ్య
మొహం రెండు చేతుల్తో మూసుకుని కూచున్నాడు,
దాగుడుమూతల్లో అంకెలు లెక్కెట్టేవాడిలా.
పేలలేదేమని పైపులోకి తొంగిచూశాడట.
అప్పుడు పేలింది.
అరిచాడట కూడా, చాలాసేపు.
ఏలూరు ఆసుపత్రిలో
కుడికన్ను లేదన్నారు,
ఎడందానికి ఏ మాటా చెప్పలేదు.

ఇప్పుడు రాస్తున్నాను.
సంఘటనా స్థలం: చెరువు పడమటి గట్టు.
స్వాధీనపరచుకున్నవి: పైపు ఒకటి, మూతి నల్లబడినది;
లైటరు ఒకటి; లెక్కల పుస్తకం ఒకటి.
ముద్దాయి అన్నచోట పెన్ను ఆగింది.
లీజుదారు భీమవరంలో ఉంటాడు,
అక్కడికి వినపడదు.
పైపు పట్టినవాడు కళ్ళకి కట్టుతో
"పిట్టలు దిగిపోయాయాండీ?" అని
నర్సుని అడుగుతున్నాడు.
రసీదిచ్చి ఊరుకున్నవాడికి
ఈ కాయితంలో గడి లేదు.

పుస్తకంలో రాసున్న ఆఖరి పేజీ,
ఉన్నదున్నట్టు ఎత్తిరాస్తున్నాను:

నాలుగూ పది.
నాలుగూ ఇరవై రెండు, లేదు.
నాలుగూ నలభై, లేదు.
వెళ్ళి చూడాలి.