మాసికలు

పొందూరు సంఘం వెనకగదిలో
నూలు బీరువాకీ గోడకీ మధ్య ఇరుక్కుని ఉంటుంది సర్వర్.
దాని ముందర అట్టముక్క మీద రాసి పెట్టారు:
"దీనిపై చిలపలు పెట్టరాదు."
దాని పైన మూడు చిలపలు.

పాత వెర్షన్‌కి ఈ నెలాఖరుతో కాలం చెల్లు.
కొత్తది ఉచితమే.
ఊరూ పేరూ తెలియని వాళ్లెవరో
రాత్రుళ్లు కూర్చుని రాసి, తీసుకోండి అని వదిలారు.
తీసుకున్నాం. తీసుకుని ఊరుకున్నామా,
ఏడేళ్లలో ఒంటినిండా మాసికలు వేశాం.
వాళ్లకి సరుకంటే కిలోలు, మాకు చిలపలు.
వాళ్లకి మనిషికి రెండు పేర్లు చాలు.
మాకు సన్యాసమ్మలే పదకొండు మంది,
ఇంటిపేరు, వీధి, ఒక్కోసారి అత్తగారి పేరూ కావాలి,
లేదంటే ఒకరి కూలి ఇంకొకరి కొంగులో పడుతుంది.

వేసినవాడు గురుగుబెల్లి అసిరినాయుడు.
ఏది నేతో ఏది అతుకో తెలియనంత నున్నగా
అసలు గుడ్డమీదే కుట్టేశాడు.
మంచి పనివాడితో వచ్చే కష్టమే అది.

శనివారం కూలి పంపకం అయ్యాక తలుపేసుకున్నాను.
ముందు నకలు తీశాను.
ఆ నకలు తెరుచుకుంటుందో లేదో
ఇంకో కంప్యూటర్లో తెరిచి మరీ చూశాను.
ఆమదాలవలసలో ఒకసారి చూడలేదు,
ఆ సంగతి అడక్కండి.

తర్వాత వాళ్లదీ మాదీ పక్కపక్కన పరిచి
తేడా ఉన్న ప్రతి లైనునీ
వాలుగ దవడతో పత్తి దువ్వినట్టు దువ్వాను.
నలభై మూడు తేలాయి.
చాలావరకు కొత్త వెర్షన్ తనే నేర్చుకుని వచ్చింది,
వాటిని దండం పెట్టి తీసేశాను.
సన్యాసమ్మల మాసికని మాత్రం పోగు తెగకుండా విప్పి
విడి ఫైలుగా కుట్టి
బొత్తాంలా పక్కన తగిలించాను.
రేపు మళ్లీ చొక్కా మారినా బొత్తాం మనదే.

పన్నెండు దాటాక దొరికిందిది:
తెచ్చిన నూలు ఎంత తూగితే అంతకి
ఐదు గ్రాములు కలుపు.
పక్కన ఇంగ్లిషు అక్షరాల్లో ఒకటే తెలుగు మాట,
తీసీకండి.
ఎందుకో లేదు.

అసిరినాయుడిప్పుడు టెక్కలిలో
మోటార్లకి రాగితీగ చుడుతున్నాడు. నిద్ర లేపాను.
"ఏటమ్మా, అదింకా బతికే ఉన్నాదేటి?
అప్పటి కాటా తప్పు తూసీది.
సిలపలు సరిపోనా తూకం తగ్గిందని కూలి కోసీవోరు.
కొత్త కాటా కొనండ్రా అంటే డబ్బుల్నేవన్నారు.
మరేటి సేస్తాను, నెక్కలో కలిపీసినాను."

కాటా మారి నాలుగేళ్లయింది.
కొత్త కాటా నిజమే చెబుతోంది,
ఆ నిజానికి మేం రోజూ ఐదు గ్రాములు కలుపుతున్నాం.
"మరి తీసెయ్యమంటావా?" అన్నాను.
అవతల ఫ్యాను తిరుగుతున్న చప్పుడు.
"కూలి రేటేటైనా పెరిగినాదేటమ్మా, ఈ నాలుగేల్లలో?"

ఫోన్ పెట్టేశాక కూడా
కర్సర్ ఆ లైను మీదే కొట్టుకుంటూ ఉంది.
తీయలేదు. అక్కడ ఉంచనూ లేదు.
కోడు కడుపులోంచి ఆ ఐదునీ బయటికి లాగి
సెట్టింగుల్లో అందరికీ కనబడేచోట పెట్టాను.
తూకం సవరణ, ఇన్ని గ్రాములు.
ఎవరు పెట్టారు, ఏ కాటా కోసం పెట్టారు,
తీస్తే ఎంతమంది కూలి ఎంత తగ్గుతుంది,
అన్నీ దాని కింద తెలుగులోనే రాశాను.
సంఘం కూర్చుని తేల్చుకోవాలి.
ప్రెసిడెంటుగారికి నచ్చదు. అది వేరే మాట.

తెల్లారుజామున స్టేషన్ వైపు గూడ్సు ఒకటి పోతుండగా
సర్వర్ కొత్త పేరుతో లేచింది.
పదకొండు మంది సన్యాసమ్మలూ
ఎవరి వీధిలో వాళ్లున్నారు.

బయల్దేరుతూ, దాని నెత్తిమీది మూడు చిలపలూ
తీసి బీరువాలో పెట్టబోయాను.
చెయ్యి ఆగింది.
ఎవరు పెట్టారో, ఎందుకు పెట్టారో
సోమవారం అడగాలి.