తొమ్మిదింటి గేటు

రాత్రి తొమ్మిదయితే మన్ననూరు కాడ గేటు బంద్.
పులులు తిరిగే యాళ్ళ
బండ్లు తిరగొద్దు.
మంచిదే, పులి మీద నాకేం కోపం లేదు.
కాని టోర్నమెంటోళ్ళు గూడ
సరిగ్గ తొమ్మిదికే పెడతరు క్వాలిఫయరు.

అచ్చంపేటల నెట్టున్నది, వటవర్లపల్లిల ఇల్లున్నది.
నడుమ ఒక అడ్డకర్ర,
ఒక ఫారెస్టు వాచరు, ఆయన టార్చిలైటు.

మా ఊర్ల టవరు లేదని అబద్ధం చెప్పను.
కరెంటుంటే బతుకుతది,
గాలి లేస్తే పానం ఇడుస్తది.
హోటలు వెనక నీళ్ళ ట్యాంకుకు ఇనుప మెట్లు.
ఏడో మెట్టు కాడ రెండు గీతలు నిలబడతయి,
ఆరో మెట్టు మీద ఒకటే.
ఎందుకో ఎవరికెరుక.
ఏడో మెట్టు ఎప్పటికీ ఈదన్నది,
దూరంకెల్లి కొట్టేటోడు వాడు గనుక.
కింద మెట్ల మీద నేను, కాట్రావత్ మోతీ.
యాదగిరి గోడ మీద, చెయ్యి పైకి లేపి.

పింగు నూట ఎనభై.
అంటే ఏందిరా అని అడిగింది అమ్మ.
నువ్వు చెల్కకాడికెల్లి కేకేస్తే
నేను పలికేదాంక ఎంత సేపో, గంత.
"నువ్వు పలికేటాల్లకు మేకను చిరుత ఎత్కపోతది గదరా."
గంతే అమ్మా.
రోజు ఎత్కపోతున్నది.

కూకట్‌పల్లి పిలగాడు నన్ను కొట్టినంక గూడ
నా తెర మీద నేనింక గోడ చాటునే ఉంట.
సచ్చిన్నని
సచ్చినంక తెలుస్తది.

ప్రాక్టీసుకు పిలిస్తే ఎవరు రారు.
"మీతోని ఆడితే మా చెయ్యి ఖరాబైతది భయ్యా"
మర్యాదగనే చెప్పిన్రు.
ఇగ మాల మేమే, ఇద్దరిద్దరు.
ఈదన్న ఎటు మల్లుతడో నాకెరుక,
నేను దాక్కునే జాగ మోతీకెరుక.
తెలిసినోనితోని ఎంతాడినా
తెలిసిందే మల్ల తెలుస్తది.

మొన్న ఎండకాలం హైదరాబాదుల
అందరిని ఒక్క హాలుల కూసోబెట్టి ఆడిచ్చిన్రు.
ఆరింటికి గేటు లేవంగనే మొదటి బస్సు పట్టినం.
ఏసీకి మోతీ పండ్లు టకటక కొట్టుకున్నయి.
అందరికి ఒక్కటే వైరు. పింగు నాలుగు.
నాలుగు!
యాదగిరి ఆ అంకెను ఫోటో తీసుకున్నడు.

మొదటి ఆట.
ఎదురుంగ ఒకడు ఉరికిండు, నేను కొట్టిన,
వాడున్న కాడ కాదు,
వాడు ఉండబోయే కాడ.
మూడేండ్ల సంది గట్లనే కొట్టిన మరి.
గుండు పోయి ఉత్త గోడకు తాకింది.
వాడు నిమ్మళంగ నా దిక్కు మల్లిండు.

నలుగురిది అదే కథ.
నల్లమల దాటి నూటయాభై కిలోమీటర్లు వచ్చినం గని
ఏళ్ళల్ల ఇంక అడవే ఉన్నది.

మూడో ఆట నడుమ హాలుల నెట్టు తూలింది,
అర నిమిషమో, ముప్పావు నిమిషమో.
బొమ్మలు ఎగిరెగిరి పడుతున్నయి.
అందరు హెడ్‌ఫోన్లు తీసి ఒర్లుతుంటే
మాకు మాత్రం
ఏడో మెట్టు మీద కూసున్నట్టే అనిపించింది.
ఈదన్న ఒక్కడే అయిదుగురిని పండబెట్టిండు,
ఒక్క మాట మాట్లాడకుండ.

ఆ ఆటను లెక్కలకెల్లి తీసేసిన్రు.
టెక్నికల్ ప్రాబ్లం అని మైకుల చెప్పిన్రు.

ఇరవై టీముల్ల మాది పందొమ్మిదో నంబరు.
ఇరవయ్యో టీము రానేలేదు.

మల్లొచ్చేటాల్లకు తొమ్మిదీ పది.
గేటు పడ్డది.
వాచరు బాలస్వామి చాయ్ పోసిండు,
"గెల్సిన్రా?" అన్నడు.
పది నిమిషాలు ఆగకపోతివి అన్నా, అన్న.
"పులికి చెప్పు" అన్నడు.
బల్ల మీద ఒకని కాళ్ళ మీద ఒకడు ఒరిగినం.

తెల్లారి ఆరింటికి తాడు ఇప్పిండు.
కర్ర లేస్తదని నాకెరుక,
ఎప్పుడు, ఎంత పైకి లేస్తదో గూడ ఎరుక.
లేవకముందే అడుగేసిన.

మోకాలు ఇప్పటికీ సలుపుతున్నది.