ఇటుకపొడి

మిడ్జిల్ రోడ్డు మీద షెడ్డుల
బ్యాచుకు ఆరువేల పిల్లలను దించుకునేటోన్ని నేను.
డబ్బాకు నూరు, డబ్బాకు నూరు,
మక్కలు గుమ్మరించినట్టు ఊకల గుమ్మరిస్త.
బాదేపల్లి అంగడి నుంచి
సబ్బుల అట్టపెట్టెల పదిహేను నాటుపిల్లలు తెచ్చిన దినం మాత్రం
బండి రెండో గేరు దాటలే.

"నీకన్ని ఎరికేనాయె" అన్నది మణెమ్మ.
ఎరికనే అనుకున్న.
షెడ్డుల గ్యాసు పొయ్యిలుంటయి, తెరలుంటయి,
కంపెనీ డాక్టరు వచ్చి నా దిక్కు చూడకుంటనే సంతకం పెట్టి పోతడు.
ఇంట్ల అరవై వాట్ల బుగ్గ,
ఒక గంప,
గంప మీద మా అవ్వ పాత చీర.
గూటికి పైకప్పు చిరిగిన ఫ్లెక్సీ.
ఎవరిదో పుట్టినరోజు,
ఎండ మొత్తం ఆయన మొఖం మీదనే.

మొదటి పూట బెల్లం నీళ్లు.
ముక్కు ముంచి నేర్పాలె, ఒక్కొక్కదానికి.
చంటిగాడు నాలుగింటికి నేర్పి
మిగిలినయి తనే తాగిండు.
లాస్య లెక్కల నోట్‌బుక్కు తిరగేసి
వెనుక నుంచి పేర్లు రాసుకుంట పోయింది.
జొన్నకంకి, మసిగుడ్డ, సర్పంచి,
మెడ మీద బొచ్చు లేనిదానికి భిక్షం తాత,
ఒంటికాలు మీద నిలబడేదానికి పీటీ సారు,
అన్నిట్ల చిన్నది ఇటుకపొడి.
"పేర్లు పెట్టకు బిడ్డా" అననీకె నోరు తెరిచిన.
అప్పటికే పదిహేనో పేరు కాడ ఉంది.

ఆరో రాత్రి గాలిదుమారం.
కరెంటు పోయింది.
షెడ్డులనైతే జనరేటరు గుంజుతుంటి.
ఇంట్ల అవ్వ లేసి కూసొని
"ఇటు తేరా" అని కొంగు పరిచింది.
ఐదు అవ్వ ఒడిల, నాలుగు మణెమ్మ కొంగుల,
మూడు చంటిగాని బనీన్ల,
వాడు కితకితలకు నవ్వుకుంటనే నిద్రపోయిండు.
మూడు నా దోసిట్ల.
పద్నాలుగేండ్ల సంది కోళ్ల పని జేస్తున్న.
కోడిపిల్ల గుండె అంత తొందరగ కొట్టుకుంటదని
ఆ రాత్రి దాక తెల్వలే.

తెల్లారేసరికి ఇటుకపొడి లేవలే.
నా దోసిట్ల మూడిట్ల అదొకటి.
షెడ్డులనైతే ఇట్లాంటియి బకెట్ల ఏసుకొని పోత.
రిజిస్టర్ల ఒక అంకె.
మోర్టాలిటీ తొమ్మిది. మోర్టాలిటీ ఇరవైరెండు.
గుంతల సున్నం చల్లి, చేతులు కడుక్కొని,
అదే చేత్తో చాయ తాగుత.
ఇప్పుడు దీన్ని పట్టుకొని
ఏ దిక్కు పోవాల్నో తెలుస్తలేదు.
లాస్య ఏడ్వలే. అగ్గిపెట్టె అడిగింది.
పట్టలే.
మణెమ్మ చాయపత్త డబ్బా ఖాళీ జేసి ఇచ్చింది.
నోట్‌బుక్కుల పేరు కొట్టెయ్యలే బిడ్డ, పక్కన రాసింది:
"ఆరు దినాలు. నూకలంటే ఇష్టం.
నిద్రొస్తే ఎడమ కన్ను ముందు మూస్తది."

తర్వాత మసిగుడ్డను గద్ద తన్నుకపోయింది.
గద్ద ఏడు తరాలను కలిపి
నాలుగు దినాలు తిట్టింది అవ్వ.
పెట్టలని నేను చెప్పిన వాటిల ఐదు పుంజులు.
సర్పంచికి గొంతు పగిలింది,
కూత సగం కాడ దగ్గు లెక్క ఆగుతది.
మా బావమర్ది వచ్చి
పెరట్ల నిలబడి మీసం దువ్వుకుంటే
మణెమ్మ దుకాణం నుంచి గుడ్లు తెప్పించి అట్టేసింది.
ఆయన తిన్నడు. ఏమనలే.
పోయేటప్పుడు పీటీ సారును ఒకసారి ఎత్తుకొని దించిండు.

ఈ పొద్దుగాల షెడ్డుల
నలభై దినాల కోళ్లు,
తెల్లగ, తమ బరువు తామే మోయలేక కూలబడ్డయి.
తొట్లల్ల దాణా పోసుకుంట
పరాకుల నోట్ల నుంచి వచ్చింది:
బా బా బా.

లెక్క ప్రకారం ఐదువేల ఏడువందల పద్దెనిమిది తలకాయలు
ఒక్కసారి లేచినయి.
ఫ్యాన్ల సప్పుడు తప్ప ఏం లేదు.

బేస్తారం లారీ వస్తది.
బకెట్టు కింద పెట్టి
ఎడమ కన్ను ముందు మూసేది ఏదో అని
కొద్దిసేపు చూసుకుంట నిలబడ్డ.