మంచు మందం

తొంభై మూడు పాయింట్ నాలుగు.
కైసా చేతి తొడుగు తీసి
మళ్ళీ ఫోన్లో కూడుతుంది, ఆరు సబ్జెక్టులూ.
ఫిజిక్స్‌లో ఇంకో రెండొస్తే?
మెకాట్రానిక్స్‌కి పోయినేడు
తొంభై అయిదు వచ్చినవాళ్ళకే సీటు రాలేదట.

సడ్‌బరీ అవతల, గడ్డకట్టిన సరస్సు మీద
తాత ఏనో గునపంతో
మంచును తడుతూ నడుస్తున్నాడు,
అడుగుకో దెబ్బ.

"ఎంత మందం, తాతా?"
"ఇక్కడ జానెడు."
"అక్కడ?"
"అక్కడికెళ్ళాక చెప్తా."

నికెల్ గనిలో ముప్ఫై ఏళ్ళు
కప్పుని తట్టి విన్న చెవి అది.

కన్నం పడింది. నల్లటి నీళ్ళు.
గాలం దించి, బకెట్ బోర్లించి కూర్చున్నాడు.
ఆమె ఫోను చలికి ఆరిపోయింది
లెక్క మధ్యలో.

"చేప పడే అవకాశమెంత?"

ఏనో నవ్వలేదు. ఆలోచించాడు.
"రెండో బకెట్ నీకే తెచ్చాను, కూర్చో."